చిట్టి చదివిన కథలు

చిట్టి కళ్ళు చూసి ముచ్చటపడని మనిషి ఆ గల్లీలో లేదు. ఏడాది పిల్లగా ఉన్నప్పుడే మొహంలో సగం కళ్ళే ఉండేవి. నల్లగా, తడిగా, ఇప్పుడే ఏడ్చి ఊరుకున్నట్టు మెరుస్తుండేవి. అంగడికి వచ్చిన ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు కూడా ఆగి, గడ్డం పట్టుకుని చూసి మరీ పోయేవారు. వాళ్ళు అటు మళ్ళగానే తల్లి లచ్చవ్వ పిల్లను లోపలికి ఎత్తుకుపోయి, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో పడేసేది. పిల్ల కళ్ళ వెంట నీళ్ళు కారితే దిష్టి తగిలిందనేది. ఎండలోకి రాగానే చిట్టి కళ్ళు గట్టిగా మూసుకుని తల్లి కొంగులో తల దూరిస్తే, నా బిడ్డకు సిగ్గెక్కువ అని మురిసిపోయేది. పిల్ల పెద్దదవుతున్న కొద్దీ దిష్టీ సిగ్గూ రెండూ సరిపోలేదు. అప్పుడు ఇంకో కారణం దొరికింది. అది తంబాకు.

తంబాకు అంటే కాదనేవాళ్ళెవరు? బాన్సువాడలో ఆ గల్లీలో ఇంటికొక చాట, చాట ముందొక ఆడమనిషి. పొద్దున వంట కాగానే అందరూ లచ్చవ్వ ఇంటి అరుగు మీదికి చేరతారు. నానబెట్టిన తునికాకును అచ్చుపెట్టి కత్తిరించడం, చిటికెడు తంబాకు పోసి బీడీ చుట్టడం, మూతి మలిచి దారం కట్టడం, పొద్దు గూకేదాకా అదే పని. ఆ పొడి గాలిలో ఉంటుంది, అన్నంలో ఉంటుంది, పసిపిల్లల ఉయ్యాల గుడ్డల్లో ఉంటుంది. కళ్ళు ఎర్రబడనివాళ్ళూ పొద్దున్నే దగ్గనివాళ్ళూ ఆ గల్లీలో ఎవరైనా కనిపిస్తే, వాళ్ళు నిన్ననే కిరాయికి దిగినవాళ్ళని లెక్క. అలాంటి చోట కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయని ఒక పిల్లను దవాఖానకు తీసుకుపోతే నలుగురూ నవ్వరా? లచ్చవ్వకు ఆ ఆలోచనే రాలేదు.

ఆమెకున్న కోరిక ఒక్కటే. తన ఒడిలోని చాట తన తల్లి ఒడిలోంచి వచ్చింది. అది మాత్రం చిట్టి ఒడిలోకి పోకూడదు. చిట్టి చదువుకోవాలి. ఏం చదవాలో, చదివి ఏమవ్వాలో లచ్చవ్వకు తెలియదు. చేతికి గడియారం పెట్టుకుని, తంబాకు వాసన లేని చీర కట్టుకుని, పొద్దున్నే చెప్పులేసుకుని పనికి నడిచిపోయే ఆడదైతే చాలు.

ఆ కోరికకు అడ్డం పడినవి చిట్టి చేతులే. బీడీల మూతులు మలవడం పిల్లల పని గనక ఏడేళ్ళకే కూర్చోబెట్టారు. ఎనిమిదో ఏట చుట్టడం దానంతటదే వచ్చింది. చాట వైపు తల దించదు, ఆకు వైపు చూడదు. మొహం రోడ్డు వైపు పెట్టి కబుర్లు చెబుతూనే ఉంటుంది, కింద వేళ్ళు తమ పని తాము చేసుకుపోతాయి. బీడీలు తీసుకునే టేకేదారు పెద్దవాళ్ళ కట్టల్లోంచి వంకరవి, వదులువి ఏరి పక్కన పడేసేవాడు గాని, చిట్టి చుట్టినవాటిలో తీసేయడానికి ఏమీ దొరికేది కాదు. మహారాష్ట్ర వైపు నుంచి కోడలిగా వచ్చి, లచ్చవ్వకు పక్కిల్లయిన మోతీబాయి, ఈ పిల్ల కడుపులోనే నేర్చుకుని వచ్చిందని మెటికలు విరిచేది. ఆ పొగడ్త లచ్చవ్వకు ముల్లులా గుచ్చుకునేది.

బడిలో మాత్రం చిట్టి మొద్దు. నాలుగో తరగతికి వచ్చినా పుస్తకం పట్టుకుని నాలుగు ముక్కలు చదవలేదు. అందరితో కలిసి పద్యం చెప్పమంటే ఆ గొంతే ముందు వినిపిస్తుంది. ఒక్కదాన్నే లేపి చదవమంటే నోరు పెగలదు. రెండో తరగతిలో ఒకసారి పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని చూడబోతే, అప్పటి సారు వాసన చూస్తున్నావా అని నెత్తిన మొట్టాడు. తరగతంతా నవ్వింది. ఆనాటి నుంచి చిట్టి పుస్తకాన్ని అందరిలాగే దూరంగా పట్టుకుని, ఏమీ అనకుండా నిలబడటం నేర్చుకుంది.

తండ్రి భూమన్న రైసు మిల్లులో హమాలీ. చెడ్డవాడు కాదు, తాగి కొట్టేవాడు అంతకన్నా కాదు. కానీ మనిషికి ఓపిక తక్కువ. ఆ ఏడు బడి తెరిచిన రోజు చెప్పేశాడు.

"గీ ఒక్క ఏడు సూస్త. పుస్తకం సదివిందా, సరే. లేకుంటె ఇగ ఇంట్ల కూసోని బీడీలు జేస్తది. చేతుల పనున్న పిల్లను బడికి తోలి మొట్టికాయలు తినిపిచ్చుడెందుకు?"

లచ్చవ్వ మరునాడు పొద్దున్నే పోయి బడి గేటు దగ్గర నిలబడింది.

ఆ ఏడే కొత్తగా వచ్చిన టీచరు రాధాకుమారి. వర్ని దగ్గర కాలువ కింద వరి పండించే కోస్తా వాళ్ళ కుటుంబం. తాతల నాడు వచ్చి స్థిరపడ్డా ఇంట్లో ఇంకా ఆ యాసే. లచ్చవ్వను ఎన్నిసార్లు చెప్పినా లచ్చమ్మా అనే పిలుస్తుంది. లచ్చవ్వ గోడు విని, పిల్లకు తెలివి లేకపోవడం కాదు, పుస్తకం అంటే భయం పట్టుకుందని ఆవిడ తేల్చింది. భయం పోవాలంటే చదువు ఆటలా ఉండాలంది. తన తమ్ముడు రాజాబాబు బస్టాండు ఎదురుగా ఎరువుల దుకాణం మీద ఇంటర్నెట్ సెంటర్ పెట్టాడు. ఇంటర్నెట్‌లో పిల్లల కథల సైటు ఒకటుంది. బొమ్మలుంటాయి, తెలుగులో కథలుంటాయి, ఒకావిడ గొంతు వాటిని చదివి వినిపిస్తుంది. ఎవరైనా చూడొచ్చు, దానికి డబ్బులు కట్టక్కర్లేదు.

"ఉత్తగ ఎవరిస్తరు మేడం?" అంది లచ్చవ్వ అనుమానంగా.

పిల్లలు చదవాలని కొందరు కలిసి పెట్టారని చెబితే ఆమెకు సగమే నమ్మకం కుదిరింది. గుడి దగ్గర పులిహోర పంచేవాళ్ళుంటారు గదా, వీళ్ళూ అలాంటి పుణ్యాత్ములే అయివుంటారని సర్దిచెప్పుకుంది. ఆదివారం పొద్దున కుర్రాళ్ళు ఇంకా నిద్ర లేవరు గనక కంప్యూటర్లన్నీ ఖాళీ. ఆ వేళకు తీసుకొస్తే రాజాబాబు కిరాయి అడగడని మేడం మాటిచ్చింది.

మొదటి ఆదివారం లచ్చవ్వ పిల్లతో పాటు చాటను కూడా మోసుకుపోయింది. ఒక పూట పని ఎందుకు పాడు చేసుకోవాలని. తంబాకు పొడి మిషన్లలో పడితే తన కొంప కొల్లేరవుతుందని రాజాబాబు లబలబలాడాడు. చాట మెట్ల కింద పెట్టి పైకి రావలసి వచ్చింది.

చిట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి మౌసు చేతికిచ్చాడు. తెర మీద తెల్లటి పేజీ. దాని మీద నాలుగే మాటలు, ఒక్కో అక్షరం కోడిగుడ్డంత. గొంతు ఏ మాట చదువుతుంటే ఆ మాట ఎర్రగా మారుతుంది. చిట్టి ముందుకు వంగింది. ఇంకా వంగింది. ముక్కు అద్దానికి తగిలేదాకా వంగి, ఊపిరి బిగబట్టి కూర్చుంది. అంత దగ్గరగా చూస్తే కళ్ళు పోతాయని రాజాబాబు కుర్చీ వెనక్కి లాగాడు. ఆయన అటు పోగానే కుర్చీ మళ్ళీ ముందుకు జరిగింది. నాలుగుసార్లు లాగి ఆయనా విసిగి వదిలేశాడు. ఏ పిల్లవాడు తెరకు దూరంగా కూర్చున్నాడు గనక?

ఇంటికి పోయేదారి పొడుగునా చిట్టి నోరు మూయలేదు. వాన కురవనని మొండికేసిన ఒక చిన్న మేఘం, ముసలమ్మ కుండలో దాక్కుందట. ముసలమ్మ అది తెలియక కుండను పొయ్యి మీద పెట్టిందట. ఆ చెప్పడం చిట్టి చెప్పడంలా లేదు. సైటులో ఆవిడ ఎక్కడ ఆగిందో అక్కడ ఆగి, ఎక్కడ గొంతు పెంచిందో అక్కడ పెంచి, పొల్లు పోకుండా చెప్పింది. సాయంత్రం అరుగు మీద మళ్ళీ చెప్పమన్నారు. అందరూ చేతులు ఆడిస్తూనే విన్నారు, మేఘం ఉడికిపోయి ఆవిరై బయటికి దూకినచోట మోతీబాయి నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. కథ చెప్పిన పిల్ల వంతు బీడీలు తలా కొన్ని చేసి వేయాలని ఆ సాయంత్రమే అనుకున్నారు. ఆ కట్టుబాటు తర్వాత చాలా రోజులు నడిచింది.

సైటులోని కథలను అచ్చు తీసుకోవచ్చట. మేడం ఒక్కో కథా కాగితాల మీద తీయించి, పిన్ను కొట్టి చిట్టికి ఇచ్చేది. దసరా నాటికి చిట్టి ఆ కాగితాలు రెండు చేతుల్లో పట్టుకుని, వీపు నిటారుగా పెట్టి, అరుగు మీద గలగలా చదవసాగింది. పేజీ అయిపోయేచోట పేజీ తిప్పేది. బొమ్మ ఉన్నచోట, ఇగో గిది కుండ, అని వేలు పెట్టి చూపించేది. మిల్లు నుంచి తవుడు తలతో వచ్చిన భూమన్న కాళ్ళు కడుక్కోకుండా మెట్టు మీద కూలబడి వినేవాడు. ఒకరోజు విని విని లేచి, కండువాతో మొహం తుడుచుకుని, ఐదో తరగతికి గూడ పోనియ్యి, అనేసి లోపలికి పోయాడు. లచ్చవ్వ ఆ రాత్రి అన్నం తినలేదు. ఆకలి వేయనంత సంతోషం ఆమె తన జీవితంలో అదివరకు ఒకటి రెండుసార్లే ఎరుగును.

ఆ సంతోషం కార్తీకం దాకా ఉంది.

ఒక సాయంత్రం చిట్టి మేఘం కథే చదువుతోంది. పొద్దు గూకింది, అరుగు మీద బల్బు వెలుగుతోంది. ముసలమ్మ కుండ మూత తీయబోతుండగా కరెంటు పోయింది. గల్లీ మొత్తం కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. చేతుల్లో ఆకులు చేతుల్లోనే ఆగిపోయాయి. చదువు మాత్రం ఆగలేదు. ముసలమ్మ మూత తీసింది, మేఘం ఆవిరై దూకింది, కాగితం తిప్పిన చప్పుడు కూడా వినబడింది. ముందు ఎవరో కిసుక్కుమన్నారు, ఆ తర్వాత అరుగంతా గొల్లుమంది. చీకట్లో చదివే పిల్లను చూడలేదమ్మా అని మోతీబాయి పొట్ట పట్టుకుంది. అప్పుడు ఆగింది చిట్టి గొంతు. అందరూ ఎందుకు నవ్వుతున్నారని అడిగింది. ఎవరూ చెప్పలేదు, నవ్వడమే సరిపోయింది వాళ్ళకు.

లచ్చవ్వ కూడా ముందు నవ్వింది. తర్వాత ఆమెకు తట్టింది. కంఠస్థం. ఇన్నాళ్ళూ ఈ పిల్ల చదవలేదు, చదివినట్టు నటించింది.

చిట్టిని లోపలికి లాక్కుపోయి తలుపేసి, నిజం చెప్పమంది.

"యాదికున్నది చెప్తున్న అమ్మా," అంది చిట్టి. "కంప్యూటర్ల అక్షరాలు పెద్దగుంటయి, గవి వస్తయి. కాయిదం మీదియి రావు."

పిల్ల ఉన్నదున్నట్టు చెప్పింది. దాన్ని చెవిన పెట్టి, ఎందుకు రావు అని ఇంకొక్క ప్రశ్న వేసివుంటే కథ ఇంకోలా నడిచేది. లచ్చవ్వకు అది సాకులా వినబడింది. చెంప మీద ఒకటి వేసింది. వేశాక తనే ఏడ్చింది. ఏడుస్తూనే లెక్క వేసుకుంది. భూమన్నకు తెలిస్తే రేపే చాట ముందు కూర్చోబెడతాడు. మేడంకు తెలిస్తే మొహం చూపించడానికి లేదు. ఏడాది గడిచేదాకా గుట్టు దాస్తే, ఈలోగా చదువు వచ్చినా వస్తుంది. భయపడ్డ తల్లి చేసే లెక్క అట్లాగే ఉంటుంది. అది తప్పు లెక్క కాదని మాత్రం ఎవరూ అనలేరు.

"నాయినకు చెప్పకు. మేడంకు చెప్పకు. కథలన్ని నోటికి పెట్టుకో. అడిగినోళ్లకు అడిగినట్టు సదువు," అంది లచ్చవ్వ.

ఏ కాగితం ఏ కథో ఎట్లా తెలుస్తుందని చిట్టి అడిగింది. దానికి లచ్చవ్వ ఉపాయం కనిపెట్టింది. ఆకు కత్తిరించే కత్తెర తీసి, ఒక్కో కథ కాగితాల మూలను ఒక్కో తీరుగా కోసింది. మేఘం కథకు ఒక గాటు. కోతి కథకు మూల మొత్తం ఏటవాలుగా. గాడిద కథకు రెండు గాట్లు. చిట్టి బొటనవేలితో మూల తడిమి, ఇది కోతి, ఇది గాడిద, అని తడుముకోకుండా చెప్పేసింది. కళ్ళెదుట పేరు అంత లావు అక్షరాల్లో ఉంటే, వేలితో తడమడం ఏమిటని లచ్చవ్వకు తట్టలేదు. దానికి చదువు రాదు గదా అనుకుంది.

చలికాలం అట్లా గడిచింది. ఆదివారం ఆదివారం సెంటర్‌కు పోయి కొత్త కథ చెవిలో వేసుకొచ్చేది. లచ్చవ్వ మూల కోసేది. అరుగు మీద చదువు సాగేది. ఆ రోజుల్లోనే చిట్టి గుమ్మం దగ్గర పెట్టిన సైకిలుకు తగులుకుని మోకాలు చెక్కుకుంది. బిందె ఎక్కడుందో చూసుకోకుండా కాలితో తన్నింది. తల నొప్పని కొన్ని పూటలు ఏమీ తినక పడుకుంది. ధ్యాస ఎక్కడ పెట్టావని లచ్చవ్వ తిట్టింది, నుదుటికి శొంఠి పట్టు వేసింది. రాత్రి నిద్రలో ఆ పెద్ద కళ్ళు సగం తెరుచుకునే ఉంటే కొంగుతో నీళ్ళు తుడిచింది. ప్రేమ లేక కాదు.

మార్చిలో మేడం తల్లులందరినీ బడికి పిలిచింది. పిల్లలు ఎంత బాగా చదువుతున్నారో మీరే వినండని కబురు చేసింది. లచ్చవ్వ రెండు నీళ్ళలో ఉతికిన చీర కట్టుకుని పోయి, వెనక వరుసలో కూర్చుంది. మేడం అందరికంటే చివర చిట్టిని పిలిచింది, దాచుకున్న మిఠాయి బయటికి తీసినట్టు. నిన్ననే సైటులో కొత్త కథ వచ్చిందనీ, చిట్టి దాన్ని మొదటిసారి మన కోసమే చదువుతుందనీ చెప్పి, కాగితాలు చేతిలో పెట్టింది.

చిట్టి బొటనవేలు మూల మీదికి పోయింది. అక్కడ గాటు లేదు. రెండో మూల తడిమింది, మూడోది తడిమింది. తల ఎత్తి, తల్లి ఎక్కడుందో తెలియక గదంతా ఆ పెద్ద కళ్ళతో వెతికింది. లచ్చవ్వ ఎదురుగానే ఉంది. చూపు ఆమె మీదుగా పోయింది గాని ఆగలేదు. కాసేపటికి చిట్టి వీపు నిటారుగా పెట్టి, గొంతు సవరించుకుని, వాన కురవనన్న మేఘం కథ మొదలుపెట్టింది.

పిల్లలు నవ్వబోతే మేడం చేయెత్తి ఆపింది. ఇది ఆ కథ కాదమ్మా అని మెల్లగా అంది. చిట్టి ఆపలేదు. పేజీ తిప్పవలసినచోట తిప్పింది. అప్పుడు మేడం దగ్గరికి వచ్చి కాగితాలు తీసుకుని, చిట్టి చేయి పట్టి నల్లబల్ల దగ్గరికి నడిపించింది. సుద్దముక్కతో అరచేయంత అక్షరం రాసింది. చిట్టి ముక్కు ఆనించి చదివింది. ఇంకోటి రాసింది, అదీ చదివింది. మూడు అక్షరాల మాట రాస్తే కూడబలుక్కుని చదివింది. పుస్తకంలో ఉన్నంత చిన్నగా రాసింది మేడం. చిట్టి అక్కడేమీ లేదంది.

మేడం లచ్చవ్వ దగ్గరికి వచ్చి, అందరి ముందూ కాకుండా పక్కకు తీసుకుపోయి చెప్పింది.

"చిట్టికి చదువు వచ్చింది లచ్చమ్మా. ఎప్పుడో వచ్చింది. పిల్లకి కనపడట్లేదు."

"తంబాకు మేడం," అంది లచ్చవ్వ. "మా ఇండ్లల్ల అందరికి గట్లనే ఉంటది." అంటూనే ఆమె గొంతు ఆమెకే పరాయిగా వినబడింది.

నిజామాబాదులో చూసి పట్నం పొమ్మన్నారు. పట్నంలో కళ్ళ దవాఖానలో రెండు రోజులు యంత్రాల ముందు కూర్చోబెట్టారు. డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. కంటి లోపల నీటి ఒత్తిడి పెరిగిపోయి చూపు నరం ఎండిపోయిందని చెప్పింది. పుట్టినప్పటి నుంచే ఉన్న జబ్బట. పసితనంలో ఆ ఒత్తిడికే కళ్ళు సాగి పెద్దవవుతాయట, నీళ్ళు కారతాయట, వెలుగు చూడలేరట. లచ్చవ్వ ఆ మాటలు వింటూ కూర్చుంది. ఊరంతా గడ్డం పట్టుకుని చూసిన అందం, తాను ఉప్పూ మిరపకాయలూ పోసి కాపాడుకున్న అందం, జబ్బట.

పోయిన చూపు తిరిగి రాదని డాక్టరమ్మ చెప్పింది. ఇంత తగ్గిందని ఎప్పుడు గమనించారని అడిగింది. భూమన్న తల అడ్డంగా ఊపాడు. చిట్టి జవాబు చెప్పింది.

"అరుగు మీద కరెంటు వోయిన్నాడు. అందరు నవ్విండ్రు. నాకు కరెంటు వోయిందని తెల్వనే తెల్వలే. పొద్దు గూకినంక బల్బున్నా లేకున్నా నాకొక్క తీరే."

అది ఎన్నాళ్ళ మాట అని డాక్టరమ్మ లచ్చవ్వ వైపు తిరిగింది. దీపావళి దాటినాక అని లచ్చవ్వ చెప్పింది. అప్పుడే తెచ్చివుంటే ఉన్నంత చూపునైనా నిలబెట్టేవాళ్ళమని ఆవిడ అంది. తిట్టినట్టు అనలేదు, ఉన్న సంగతి చెప్పింది. ఆపరేషన్‌కు వంతు వచ్చేసరికి ఉన్న కాస్త చూపూ జారిపోయింది, చేశాక నొప్పి తగ్గింది. కుడి కంటికి వెలుగూ చీకటీ తేడా మిగిలింది. ఎడమ కంటికి అదీ లేదు.

దవాఖాన వరండాలో లచ్చవ్వ భూమన్నకు అంతా చెప్పేసింది. చెంపదెబ్బ, గాట్లు, గుట్టు, అన్నీ. కొడితే బాగుండుననుకుంది. అతను పిల్లకు చాయ్ తెస్తానని మెట్లు దిగిపోయాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడం ఆమెకు ఎక్కువ బరువయింది.

పట్నంలో చూపు లేని పిల్లల బడి ఉందనీ, అక్కడే ఉండి వేళ్ళతో తడిమి చదవడం నేర్చుకుంటారనీ, జూన్‌లో చేర్పిద్దామనీ మేడం రెండుసార్లు ఇంటికి వచ్చి చెప్పింది. కళ్ళు లేని ఆడపిల్లను ఎవరూ లేని ఊళ్ళో ఎట్లా వదిలిపెడతామని భూమన్న అన్నాడు. గల్లీ అంతా అదే అంది. లచ్చవ్వకు పంపాలని ఉంది, పంపడమంటే భయమూ ఉంది. ఒకసారి పిల్ల విషయంలో తానే తెలివిగా నిర్ణయం చేశానన్న సంగతి ఆమెను వెనక్కి లాగింది. జూన్ వచ్చింది, పిల్లను ఎవరూ పంపలేదు. ఎండాకాలం సెలవుల్లోనే మేడంను వేరే ఊరికి మార్చారు.

బడులు తెరిచిన రోజు పొద్దున చిట్టి గోడ పట్టుకుని అరుగు మీదికి వచ్చింది. తల్లి పక్కన ఖాళీ వెతుక్కుని కూర్చుంది. చేయి చాపి చాటను ఒడిలోకి లాక్కుంది.

"గిది నాకొస్తది గదా అమ్మా," అంది. "నువ్వు ఫికర్ జెయ్యకు."

లచ్చవ్వ ఆ చాటను లాక్కోలేదు. లాక్కుని దాని చేతిలో ఇంకేం పెట్టాలో ఆమెకు తెలియలేదు. సాయంత్రం టేకేదారు కట్టలు విప్పి చూసి, ఒక్కటంటే ఒక్కటి పక్కన పడేయలేదు. పాపం కళ్ళు పోయినా దేవుడు చేతులిచ్చాడని అరుగు మీద అందరూ ఊరట పడ్డారు. మోతీబాయి ఒక్కతే అటు తిరిగి కళ్ళు ఒత్తుకుంది.

ఆ ఆదివారం లచ్చవ్వ ఒక్కతే బస్టాండు ఎదుటి మెట్లెక్కింది. చేతులు సబ్బుతో తోముకుని వచ్చింది. రాజాబాబు ఆమెను చూసి కుర్చీలోంచి లేచాడు. ఆ పిల్లల కథల సైటు తనకు పెట్టమని అడిగింది. ఆయన ఏమీ అడగకుండా పెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించాడు. సైటులో ఆవిడ గొంతు చదివింది, మాట ఎర్రబడింది. లచ్చవ్వ ఆ ఎర్రటి మాట వంక చూసింది. మళ్ళీ చదివించుకుని మళ్ళీ చూసింది. ఆదివారాలు గడిచాయి. ముప్పై దాటిన మెదడుకు అక్షరం అంత తేలిగ్గా ఎక్కదు, ఎక్కింది దిగిపోతుంది. రాజాబాబు కొత్త కథలు అచ్చు తీసి ఇస్తే ఇంటికి తెచ్చుకునేది.

వాన పడుతున్న ఒక మధ్యాహ్నం అరుగు మీద తల్లీ కూతుళ్ళిద్దరే ఉన్నారు. మిగతావాళ్ళు ఎవరి గుమ్మాల్లో వాళ్ళు ఉండిపోయారు. లచ్చవ్వ చాట పక్కకు జరిపి, కాగితం మోకాళ్ళ మీద పరుచుకుంది. చిట్టి ఇంకా వినని కథ అది. మొదటి మాటకే అడ్డం పడింది.

"గుండ్రంగ సున్న లెక్కుంది బిడ్డ. మీద ముక్కు తీరు గీతున్నది."

"ర," అంది చిట్టి, చుట్టడం ఆపకుండా.

లచ్చవ్వ ర అంది. రెండో అక్షరం చూసింది, అది ఏ తీరుగా ఉందో చెప్పింది, చిట్టి దాని పేరు చెప్పింది. మూడోది తనే పోల్చుకుంది. మాట మొత్తం ఒక్కసారిగా పలకబోయేసరికి మొదటిది మరిచిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ మరిచింది. తిట్టి, కొట్టి, మొద్దు అన్న రోజులన్నీ గుర్తొచ్చి కాగితం మీద అక్షరాలు అలుక్కుపోయాయి. నాకు రాదు బిడ్డ, నీ పొద్దంత పాడు జేస్తున్న, అని కాగితం మడవబోయింది.

చిట్టి వేళ్ళు ఆగాయి. తల్లి గొంతు వచ్చిన వైపు మొహం తిప్పింది.

"మెల్లగనే సదువమ్మా. నేనింక యాడికి వోత?"

లచ్చవ్వ కొంగుతో మొహం తుడుచుకుని, కాగితం విప్పి, మొదటి అక్షరం మీద వేలు పెట్టింది.